అటక మీది పెట్టె అమ్మేముందు ఒకసారి అంచు చదవండి



ఈ వారం వరి గురించి కాదు, బెండకాయ రేటు గురించి కాదు. మన ఇళ్ళల్లో అటకల మీద, పశువుల సాల మూలల్లో తుప్పు పట్టి పడున్న మిలటరీ పెట్టెల గురించి రాస్తున్నాను. పోస్టు పెద్దదే. గట్టు మీద కూర్చున్నప్పుడు నిదానంగా చదువుకోండి. మీ తాతో, మేనమామో, పెద్దనాన్నో పట్టాళంలో పనిచేసి ఉంటే మాత్రం చివరిదాకా చదవండి. నేను చేసిన తప్పు మీరు చేయకూడదనే ఇదంతా.

ముందు ఆ తప్పేమిటో చెప్పేస్తాను.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను. మనలో ఎవరూ మర్చిపోయే రోజు కాదు. ఆ రోజు మా ఇంటి మీది రేకులు లేచిపోయాయి. జీడితోట సగం పడిపోయింది. అరటి అంతా నేలమట్టం. ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ తడిసింది. అటక మీద మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఒక నల్ల ట్రంకు పెట్టె ఉండేది. అది మా తాతది, అంటే అమ్మవాళ్ళ నాన్నది. దాని మూత తెరిస్తే కుళ్ళిన ఉన్ని వాసన. లోపల ఖాకీ కోటు ఒకటి చిరిగి ముద్దయిపోయింది. ఒక బెల్టు, నాలుగు గుండీలు, తగరపు డబ్బాలో నల్లబడిన బిళ్ళలు మూడో నాలుగో ఉన్నాయి. కాగితాలు కూడా ఉన్నాయి గాని ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

కరెంటు లేదు, తాగడానికి నీళ్ళు లేవు, పాలు దొరకడం లేదు. అప్పుడు నా బుర్రలో ఉన్నది పడిపోయిన చెట్ల లెక్క ఒక్కటే. వారం పోయాక సైకిలు మీద పాత సామాన్లకి ఉల్లిపాయలిచ్చే అతను వచ్చాడు. వంగిపోయిన రేకులతో పాటు ఆ పెట్టె కూడా ఎత్తి ఇచ్చేశాను. అతను ఇత్తడి విడిగా తూశాడు. మొత్తానికి మూడు కేజీల ఉల్లిపాయలు వచ్చాయి.

ఆ ఉల్లిపాయలు అయిపోయాక గాని అమ్మకి తెలియలేదు. రేకులు వేయించి అటక సర్దుతుంటే అడిగింది. "ఒరే, మా నాన్న పెట్టేది?" అని. ఇచ్చేశానమ్మా, అంతా కుళ్ళిపోయింది కదా అన్నాను. అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "బిళ్ళలు కూడా ఇచ్చేసినావేటి? వాటి మీద మా నాన్న పేరుందిరా. ఇంకెక్కడా లేదురా ఆయన పేరు" అంది.

అమ్మకి చదువు రాదు. ఆవిడకి ఏడెనిమిదేళ్ళప్పుడే తాత పోయాడు. ఫోటో లేదు. తాతకి భూమి లేదు కాబట్టి ఏ అడంగల్లోనూ ఆయన పేరు లేదు. ఆ బిళ్ళల అంచు మీద ఇంగ్లీషులో ఉన్న అక్షరాలని వేలితో తడిమి, ఇది మా నాన్న పేరు అని చిన్నప్పుడు ఎవరో చెబితే అలా గుర్తు పెట్టుకుంది. నేను ఇంటర్ దాకా చదివాను. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ అంచు చదవలేదు.

అప్పటి నుంచి వెతుకుతున్నాను. వారానికి రెండుసార్లు నేను కూరగాయలతో విశాఖపట్నం రైతు బజారుకి వెళ్తాను. సరుకు అయిపోయేసరికి పదకొండు. ఆ తర్వాత ఆటో వెళ్ళే చోటల్లా తుక్కు కొట్లు చూసేవాడిని. గాజువాక వైపు, హార్బరు వైపు, పాత ఊర్లో. అలా తిరిగీ తిరిగీ మా తాత బిళ్ళలు దొరకలేదు గాని వేరేవాళ్ళ తాతలవి దొరకడం మొదలయ్యాయి.

విశాఖ అలాంటి ఊరు. ఆలోచించండి. 1933లో ఇక్కడ పోర్టు తెరిచారు. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీ స్థావరం వచ్చింది. దాని పేరు అప్పట్లో హెచ్.ఎం.ఐ.ఎస్. సర్కార్స్, ఇప్పటి ఐ.ఎన్.ఎస్. సర్కార్స్. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పట్నం జనం మూటాముల్లె సర్దుకుని మన పల్లెలకి పారిపోయి వచ్చారు. ఆ కథలు మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళు చెప్పే ఉంటారు. 1968లో తూర్పు నౌకాదళం ఏర్పడింది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరం దగ్గరే మునిగింది. ఆ విజయానికి గుర్తుగానే బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం ఉంది. దానికి కాస్త దూరంలో 2001లో రిటైరైన కుర్సురా జలాంతర్గామిని, 2017లో రిటైరైన టీయూ 142 విమానాన్ని పెట్టారు. పిల్లలని తీసుకెళ్ళి మనమంతా చూసినవే.

జలాంతర్గామిని దాచడానికి ప్రభుత్వం ఉంది. విమానాన్ని దాచడానికీ ఉంది. అదే యుద్ధాల్లో రోడ్లు వేసి, వంతెనలు కట్టి, మూటలు మోసిన మన తాతల పెట్టెలు దాచాల్సింది మాత్రం మనమే.

ఇక్కడి నుంచి పనికొచ్చే సంగతులు. ఆవు పళ్ళు చూసి వయసు చెబుతాం. గింజ నలిపి ఏ రకం వరో చెబుతాం. ఇదీ అలాంటిదే, చూడ్డం అలవాటు కావాలి అంతే. నాకు ఈ ఏడెనిమిదేళ్ళలో అలవాటైంది. కొంత ఒక రిటైర్డ్ సుబేదారు గారి దగ్గర నేర్చుకున్నాను, కొంత తప్పులు చేసి నేర్చుకున్నాను.

మొదట మెడల్. మీ చేతికి మెడల్ దొరికితే ముందు వైపు బొమ్మ కాదు చూడాల్సింది. గుండ్రటిది అయితే అంచు చుట్టూ చూడండి. నక్షత్రం ఆకారంలో ఉంటే వెనక వైపు చూడండి. అక్కడ సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా నాలుగు విషయాలుంటాయి: నంబరు, హోదా, పేరు, దళం. మన పొలానికి సర్వే నంబరు ఎలాంటిదో సైనికుడికి ఆ నంబరు అలాంటిది. అప్పారావులు పదిమంది ఉంటారు, ఆ నంబరున్నవాడు ఒక్కడే.

హోదా పొట్టి అక్షరాల్లో ఉంటుంది. ఎస్.ఈ.పి. అంటే సిపాయి. ఎస్.పి.ఆర్. అంటే సాపర్, అంటే ఇంజనీర్ల దళంలో జవాను. ఎన్.కె. అంటే నాయక్, హెచ్.ఏ.వి. అంటే హవల్దారు. మన సైన్యంలో నంబరు ముందు జె.సి. అని ఉంటే సుబేదారు స్థాయి మనిషి, ఐ.సి. అని ఉంటే ఆఫీసరు. దళం చివర ఉంటుంది. మన తెలుగువాళ్ళు ఎక్కువగా వెళ్ళిన చోట్లలో రెండు గుర్తుంచుకోండి. ఒకటి మద్రాస్ రెజిమెంట్, దాని కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్. రెండోది మద్రాస్ సాపర్లు, 1780లో పుట్టిన దళం, కేంద్రం బెంగళూరు. యుద్ధకాలం మెడల్ మీద ఐ.ఇ. అని ఉంటే ఇండియన్ ఇంజనీర్స్, ఆర్.ఐ.ఏ.ఎస్.సి. అని ఉంటే తిండీ సరుకూ లారీలూ చూసే సప్లై దళం.

రెండో ప్రపంచ యుద్ధం బిళ్ళలు మన వైపు ఎక్కువగా కనిపించేవి నాలుగు. ఆరు మూలల నక్షత్రం ఉంటే, దాని మీద 1939-1945 అని ఉంటే అది యుద్ధంలో పనిచేసినవాళ్ళకిచ్చినది. దాని రిబ్బను మూడు సమాన పట్టీలు: ముదురు నీలం, ఎరుపు, లేత నీలం. నేవీ, ఆర్మీ, విమాన దళాల గుర్తు అన్నమాట. అదే ఆకారంలో బర్మా అని రాసి ఉంటే బర్మా స్టార్. మన పెద్దలు రంగం అనేవాళ్ళే, ఆ రంగూన్ ఉన్న దేశంలో యుద్ధం చేసినవాళ్ళది. కూలికి రంగం వెళ్ళినవాళ్ళు 1942లో నడిచి వచ్చేస్తే, మళ్ళీ అదే దారిలో యూనిఫారం వేసుకుని వెళ్ళినవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. గుండ్రంగా తెల్లటి లోహంతో, వెనక సింహం ఒక రెండు తలల డ్రాగన్ మీద నిలబడినట్టు ఉంటే వార్ మెడల్. వెనక ఇండియా పటం ఉంటే ఇండియా సర్వీస్ మెడల్.

స్వాతంత్ర్యం తర్వాతవి వేరు. 1965 యుద్ధానికి సమర్ సేవా స్టార్. 1971కి తూర్పు వైపు వాళ్ళకి పూర్వీ స్టార్, పడమర వైపు వాళ్ళకి పశ్చిమీ స్టార్. ఆ కాలంలో సర్వీసులో ఉన్నవాళ్ళకి సంగ్రామ్ మెడల్. వీటి మీద రాజు తల ఉండదు, మన నాలుగు సింహాల గుర్తు ఉంటుంది.

ఒక మాట. ఇవేవీ బంగారం కాదు. ఆ నక్షత్రాలు రాగి, జింకు కలిపిన లోహం, ఇత్తడి లాంటిది. కరిగిస్తే టీ ఖర్చుకి కూడా చాలదు. మొదటి ప్రపంచ యుద్ధం మెడల్స్‌లో ఒకటి మాత్రం వెండిది. అందుకే అవి కంసాలి కుంపట్లో కరిగి ఏ పిల్ల కాలి పట్టాలుగానో మారిపోయాయి.

ఇక బట్టలు. ముందు గుండీలు చూడండి. గుండీ మీదా, టోపీ బిళ్ళ మీదా కిరీటం ఉంటే 1950 జనవరి 26కి ముందుది. అశోక సింహాలుంటే ఆ తర్వాతది. నేవీ టోపీ రిబ్బను మీద హెచ్.ఎం.ఐ.ఎస్. అని మొదలైతే కూడా 1950కి ముందుదే, ఆ తర్వాత ఐ.ఎన్.ఎస్. అయింది. అయితే గుండీలు మార్చి కుట్టుకోవచ్చు కదా? అందుకే గుండీ ఒక్కటే నమ్మకూడదు. కోటు లోపలి జేబు తిరగేసి చూడండి. ఒక బాణం గుర్తు, దాని కింద ఐ అక్షరం కనిపిస్తే అది యుద్ధకాలంలో ఇండియాలో సైన్యానికి తయారైన సరుకు. షాజహాన్‌పూర్ ఫ్యాక్టరీ 1914 నాటిది, ఆవడి ఫ్యాక్టరీ 1961లో వచ్చింది. కాబట్టి ఆవడి ముద్ర ఉన్న చొక్కా చూపించి ఇది మా తాత బర్మాలో వేసుకున్నది అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఖాకీ పాతది. బర్మా అడవుల్లో ఖాకీ దూరం నుంచి కనబడిపోతోందని ఆకుపచ్చకి మారారు, తర్వాత మన సైన్యానికి అదే ఆలివ్ రంగుగా స్థిరపడింది. మచ్చల మచ్చల కొత్త డిజైను 2022 జనవరి 15న ఆర్మీ డే కవాతులో చూపించారు.

నకిలీలు కూడా ఉన్నాయి. అచ్చు కొట్టిన మెడల్ అక్షరాలు పదునుగా ఉంటాయి. అసలుదాన్ని చూసి పోత పోసినది అయితే అక్షరాలు కరిగిన బెల్లంలా ఉంటాయి, పైన సూది గుచ్చినట్టు చిన్న గుంటలుంటాయి. నేను బర్మా స్టార్ అని ఒకటి ఎనిమిది వందలు పెట్టి కొన్నాను. సుబేదారు గారు ఒక్కసారి చూసి, "ఇది నీకు టమాటా మొక్క అని చెప్పి వంకాయ నారు అమ్మినట్టుంది బాబూ" అన్నారు. పేరు లేని ప్రతిదీ నకిలీ అనుకోకండి మళ్ళీ. అసలుది పోతే కొత్తది చేయించుకుని పెట్టుకున్న సైనికులు ఉన్నారు, వాటి మీద పేరుండదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

2021లో గాజువాక దగ్గర ఒక తుక్కు కొట్లో కుళాయిలు, తాళాల మధ్య ఒక బిస్కట్ డబ్బా కనబడింది. అందులో 1939-45 స్టారు, బర్మా స్టారు, వార్ మెడల్. అడుగున సగం చెదలు తిన్న డిశ్చార్జి బుక్కు, అంటే సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే పుస్తకం. కొట్టు అతను ఆరు వందలన్నాడు. ఇచ్చేశాను. ఆ రోజు బీరకాయలు అమ్మిన డబ్బులో సగం పైన అదే.

ఇంటికొచ్చి భూతద్దంతో చదివాను. నంబరు. సాపర్. పేరు. ఐ.ఇ. పేరు ఇక్కడ రాయడం లేదు, ఆ ఇంటివాళ్ళని అడగలేదు కాబట్టి. ఇంటిపేరు లేదు. పట్టాళం గుమస్తాలు మనవాళ్ళ ఇంటిపేర్లు చాలాసార్లు వదిలేశారు. ఉన్న పేరు కూడా వాళ్ళకి ఎలా వినిపిస్తే అలా రాశారు. పేరు ఒక్కటే ఉంటే దారి మూసుకుపోయేది. పుస్తకంలో ఊరు, తాలూకా, జిల్లా అనే గళ్ళుంటాయి. జిల్లా విజగపటం అని ఉంది. ఆ మాట చూసి ఇప్పటి విశాఖ జిల్లా అనుకోకూడదు. 1950 దాకా శ్రీకాకుళం అందులోదే. విజయనగరం 1979లో వేరే జిల్లా అయింది. అనకాపల్లి 2022లో. కాబట్టి ఆ ఒక్క మాటతో ఇచ్ఛాపురం నుంచి పాయకరావుపేట దాకా ఎక్కడైనా కావచ్చు.

అదృష్టం కొద్దీ ఊరి గడిని చెదలు వదిలేశాయి. ఊరి పేరు చదవగలిగాం. కాని ఆ ఊరు ఇప్పుడు లేదు.

స్టీలు ప్లాంటు కిందకి వెళ్ళిపోయింది. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసినప్పుడు మన పెద్దలు వెళ్ళి చూసొచ్చారు. ఆ ప్లాంటు కోసం భూములూ ఇళ్ళూ వదిలేసినవాళ్ళు పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి కాలనీలకి వెళ్ళారు. చేతికి ఆర్ కార్డు ఇచ్చారు. ఊరు పోయినా ఊరి పేరు పోలేదు. ఆ కాలనీల్లో ఇప్పటికీ ముసలివాళ్ళు ఎవరింటివాళ్ళు అని అడిగితే పాత ఊరి పేరు చెబుతారు. మా బెండకాయలు కొనే ఒకాయన ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన్ని పట్టుకుని, ఆయన బావమరిది ద్వారా మూడు ఆదివారాలు తిరిగాను. రావిచెట్టు కింద పేకాడుతున్న ఒక పెద్దాయన పేరు వినగానే "మిలటరీ తాతా? బర్మా తాతా?" అన్నాడు. ఇల్లు చూపించాడు.

తలుపు తీసింది ఆ సాపర్ గారి కోడలు. అరవై ఏళ్ళుంటాయి. డబ్బా చూపించగానే ఆవిడ మొదట అన్న మాట: "ఎంతివ్వాలి బాబూ?" నేను అమ్మడానికి వచ్చాననుకుంది. డబ్బులేమీ వద్దమ్మా, ఇవి మీవే అన్నాను. నమ్మలేదు. అంచు మీద పేరు చదివి వినిపించాను. అప్పుడు లోపలికి రమ్మంది.

ఇల్లు మళ్ళీ కట్టించినప్పుడు పాత సామాన్లన్నీ బండికి వేసేశారట. ఆ డబ్బా అందులో పోయింది. ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. తర్వాత ఎవరో చెప్పారట, రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి పెన్షన్ లేనివాళ్ళకి, వాళ్ళ భార్యలకి రాష్ట్ర ప్రభుత్వం నెలనెలా సాయం ఇస్తుందని. అత్తగారిని ఆటోలో కూర్చోబెట్టుకుని వెళ్ళారు. సర్వీసు చేసినట్టు కాగితం అడిగారు. నంబరైనా చెప్పమన్నారు. ఇంట్లో అంతా వెతికారు. కాగితం లేదు, నంబరు ఎవరికీ గుర్తు లేదు. "మా మావగారు బర్మా వెళ్ళొచ్చారని ఊరంతా తెలుసు బాబూ. కాని ఊరే లేదు కదా, ఎవలు వొచ్చి సెప్తారు?" అంది.

ఆ ముసలావిడ 2019లో పోయింది. నేను డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి రెండేళ్ళు ఆలస్యం.

ఆవిడ లేచి బీరువా తీసి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో ఆర్ కార్డు. నలభై ఏళ్ళ పైబడిన కాగితం మడత నలగకుండా ఉంది. "భూమి పోయిందని ఇది దాసుకున్నాం. దీంతో పిల్లడికి ఉద్యోగం వస్తాదని అందరూ సెప్పారు. ఆ పుస్తకం దాసుకోవాలని ఎవలూ సెప్పలేదు" అంది. మెడల్స్ తీసుకుని ఆర్ కార్డు ఉన్న కవర్లోనే పెట్టింది.

దారిలో ఆటో తోలుతూ నేను మా తాత గురించే ఆలోచించాను. మా అమ్మమ్మ కూడా చివరిదాకా కూలికే వెళ్ళింది. ఆ అతుక్కుపోయిన కాగితాల్లో ఏముందో నాకెప్పటికీ తెలియదు. ఆయన మిలటరీలో రోడ్లేసేవాడు అన్నంతవరకే అమ్మకి తెలుసు. నంబరు లేకుండా బెంగళూరు రికార్డు ఆఫీసుకి రాసినా వెల్లింగ్టన్ రికార్డు ఆఫీసుకి రాసినా వాళ్ళు దేన్ని పట్టుకుని వెతుకుతారు? సర్వే నంబరు చెప్పకుండా నా పొలం చూపించు అని వీఆర్వోని అడిగినట్టే.

అందుకే మీకు చెప్పేది ఇంతే. ఈ ఆదివారం అటక ఎక్కండి. పెట్టె దించండి.

అందులో కాగితం ఉంటే అది మొదట. డిశ్చార్జి బుక్కు, పెన్షన్ కాగితం, పోస్టాఫీసు మనియార్డర్ ముక్క, ఏదైనా సరే. అతుక్కుపోయి ఉంటే బలంగా విడదీయకండి, నీడలో ఆరనివ్వండి. ఫోన్లో ఫోటో తీయండి. నంబరు ఒక నోటుబుక్కులో రాసి, పట్టాదారు పాస్‌బుక్కు ఎక్కడ దాస్తారో అక్కడే దాచండి. కుటుంబంలో ఎవరైనా రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్ళు గాని, వాళ్ళ భార్య గాని ఇంకా బతికి ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి అడగండి. రేపు మాపు అనకండి. వాళ్ళ వయసు చూసుకోండి.

మీ మనిషి యుద్ధంలోనే చనిపోయి తిరిగి రాలేదా? కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ అని ఒకటుంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన సైనికుల పేర్లు, మనవాళ్ళవి కూడా, వాళ్ళ దగ్గర ఉన్నాయి. ఇంటర్నెట్లో ఉచితంగా వెతకొచ్చు. దహనం చేసినవాళ్ళ పేర్లు, శవం దొరకనివాళ్ళ పేర్లు కూడా ఇంఫాల్, రంగూన్ లాంటి చోట్ల రాళ్ళ మీద చెక్కి ఉన్నాయి. పేరు రెండు మూడు రకాల ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి చూడండి.

మెడల్ ఉంటే చింతపండు వేసి తోమకండి. ఇత్తడి బిందెలా తళతళలాడాలని తోమితే అక్షరాలు అరిగిపోతాయి. నేను మొదట్లో ఒకటి అలాగే పాడుచేశాను, చివరి మూడు అంకెలు పోయాయి. మెత్తటి పొడిబట్టతో తుడిస్తే చాలు. రిబ్బను తడపకండి, రంగు దిగిపోతుంది. బట్టలైతే నీడలో ఆరబెట్టి, ఉతికిన పాత నూలు పంచెలో చుట్టి, ఎండిన వేపాకు మూట పక్కన పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో కట్టేస్తే చెమ్మ పట్టి బూజు వస్తుంది. కాగితాన్ని కవర్లో పెట్టినా ముందు బాగా ఆరాకే పెట్టండి.

పెట్టెలో తూటాలు, బాంబు లాంటి ఇనుప ముక్క ఏదైనా కనబడితే మాత్రం ముట్టుకోవద్దు. దున్నేటప్పుడు నాగలికి తగిలినా అంతే. జపాన్ వాళ్ళు వేసి పేలకుండా మిగిలిన బాంబు విశాఖ మ్యూజియంలో ఉంది, అది నిపుణులు చూసి పెట్టినది. మనం 112కి ఫోన్ చేసి దూరంగా నిలబడడమే.

ఇంకొకటి. తాత కోటు వేసుకుని ఇంట్లో ఫోటో దిగితే ఎవరూ ఏమీ అనరు. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో యూనిఫారం వేసుకుని బయట తిరిగితే మాత్రం నేరం. కొత్త చట్టంలో మూడు నెలల జైలు గాని, రెండు వేల రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని ఉన్నాయి. కుర్రాళ్ళకి చెప్పండి.

డబ్బు అవసరమై అమ్ముకోవాల్సి వస్తే నేను తప్పుపట్టను. మన అవసరాలు నాకు తెలుసు, తుఫాను తర్వాత ఉల్లిపాయలు కూడా అవసరమే. కాని అమ్మేముందు అంచు చదివి, నంబరూ పేరూ రాసుకుని అమ్మండి. లోహం పోయినా మనిషి మిగులుతాడు.

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అని ఒక ఊరుంది. మిలటరీ మాధవరం అంటారు. తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్ళిన ఊరు. అక్కడివాళ్ళకి తమ సైనికుల సంగతి తెలుసు, పిల్లలకి చెప్పుకుంటారు. మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళినవాళ్ళు తక్కువేం కాదు. ఊరికి ఇద్దరు ముగ్గురు చొప్పున చెల్లాచెదురుగా వెళ్ళారు, చెల్లాచెదురుగా పోయారు. ఎవరింటి కథ వాళ్ళింటి అటక మీదే ఉండిపోయింది.

ప్రస్తుతం నా దగ్గర పదకొండు మెడల్స్, రెండు కోట్లు, ఒక నేవీ టోపీ ఉన్నాయి. నాలుగింటి మీద పేర్లు చదవగలిగాను. మీ ఊళ్ళో మిలటరీ తాత అని ఎవరినైనా పిలిచేవాళ్ళా? వాళ్ళ ఇంటివాళ్ళు పోగొట్టుకున్నామని బాధపడుతున్నారా? చెప్పండి. కలిస్తే నేనే తెచ్చి ఇస్తాను. ఆటో ఎలాగూ బజారుకి వస్తుంది.

మా అమ్మకి ఇప్పుడు డెబ్బై దాటాయి. నేను కొత్త బిళ్ళ ఏది తెచ్చినా చేతికి తీసుకుని అంచు మీద వేలు పెట్టి తడుముతుంది. "ఇది కాదురా" అని తిరిగి ఇచ్చేస్తుంది. చదువు రాని ఆవిడకి ఎలా తెలుస్తుందో నాకు తెలియదు. ఇంతవరకూ ఆవిడ చెప్పింది తప్పు కాలేదు. వచ్చే మంగళవారం మళ్ళీ గాజువాక వైపు వెళ్తాను.